కుడి చెవి నీలం

కుళాయి కిటికీల వైపు చూస్తున్నాడు. అతను చేసిన తప్పు అదే.

ఎదురు మేడ మీద కర్టెన్ ఎందుకు కదిలింది, వీధిలో ఆగిన వ్యాన్ ఇంజన్ ఎందుకు ఆపలేదు, వెయిటింగ్ హాల్లో పేపర్ చదువుతున్న బట్టతల మనిషి ఇంతసేపటికీ పేజీ ఎందుకు తిప్పలేదు. అతని బుర్ర నిండా ఇవే ప్రశ్నలు. అతను కాపలా కాస్తున్న మనిషికి మాత్రం ఏ చింతా లేదు. చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, ఆ చిన్న క్లినిక్‌లో స్టూల్ మీద కూర్చుని నర్సుతో కబుర్లు చెబుతున్నాడు. కాలిలో మేకు దిగి చీము పట్టింది. ఒక యాంటీబయాటిక్ ఇంజక్షన్ చేస్తే తగ్గిపోతుందని డాక్టరు చెప్పాడు.

ఆ మనిషి మామూలు వాడు కాదు. దేశం కోసం కొత్త రహస్య కోడ్ రాస్తున్న ముగ్గురిలో చివరివాడు. మిగిలిన ఇద్దరూ ఈమధ్యే పోయారు. ఒకరు పంటి డాక్టరు కుర్చీలో, ఒకరు చిన్న ఆపరేషన్ బల్ల మీద. ఈ మూడోవాణ్ణి కళ్లల్లో వత్తులు వేసుకుని చూసుకోమని డిపార్ట్‌మెంట్ కుళాయిని పంపింది.

నర్సు సూది తీసి దూది అద్దింది. కోడ్ నిపుణుడు మెడ గోక్కున్నాడు.

"ఉక్కగా లేదూ?" అన్నాడు.

ఆ తరవాత అతని పెదవులు వాచాయి. మొహం నిండా దద్దుర్లు లేచాయి. గాలి కోసం నోరు తెరిచాడు గానీ గాలి లోపలికి వెళ్లలేదు. డాక్టరు పరుగున వచ్చి చెయ్యగలిగిందంతా చేశాడు. కుళాయి పిస్టల్ సగం బయటికి లాగి, ఎవరి మీద గురిపెట్టాలో తెలియక గది మధ్యలో నిలబడిపోయాడు. కిటికీ బయట వ్యాన్ వాడు కూరగాయల బుట్టలు దించుకుంటున్నాడు. బట్టతల మనిషి నిద్రపోతున్నాడు. కాపలా మనిషి కళ్లెదుటే, ఒక్క శత్రువు కూడా లేని గదిలో, మూడోవాడు చచ్చిపోయాడు.

*

"మందులో విషం లేదు," అన్నాడు చీఫ్. "సీసాలో లేదు. సూదిలో లేదు. నర్సు ఇరవై ఏళ్లుగా అక్కడే పనిచేస్తోంది. ఆ మనిషికి మందు పడలేదు. అంతే."

"ముగ్గురికీ పడలేదా సార్? ముగ్గురికీ అదే మందు?"

"అందుకే నిన్ను పిలిచాను. కూర్చో."

కుళాయి కూర్చోలేదు. ఆ క్లినిక్ నుంచి వచ్చినప్పటి నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. చీఫ్ గదిలో కూడా గోడ నుంచి గోడకి నడుస్తున్నాడు. చీఫ్ మాత్రం ఎప్పటిలాగే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాడు.

"ఇది లాంతరు ముఠా పని," అన్నాడు చీఫ్. లాంతరు అంటే డిపార్ట్‌మెంట్ ఆ విదేశీ ముఠాకి పెట్టుకున్న పేరు. "ఎలా చేశారో తెలియదు. అది తేల్చగలిగిన మనిషి దేశంలో ఒక్కరే ఉన్నారు. మందుల వల్ల వచ్చే అలర్జీలని జంతువుల మీద పరీక్షించే సంస్థ ఉంది చూశావూ, దాని డైరెక్టరు."

కుళాయి నడక ఆగింది.

"మా అక్క."

"తెలుసు. చచ్చిపోయిన వాడి రక్తం శాంపిల్ ఆరోగ్యశాఖ పేరుతో ఆవిడకి పంపించాం. ఆవిడ రిపోర్ట్ వస్తే ఇది అలర్జీ కాదు, హత్య అని తేలుతుంది. రిపోర్ట్ వచ్చేలోపల లాంతరు ఆవిడ జోలికి వస్తుంది. నువ్వు ఆవిణ్ణి కాపాడాలి. ఆవిడకి తెలియకుండా."

"మా అక్క దృష్టిలో నేను వాటర్ ఫిల్టర్లు అమ్ముకునేవాణ్ణి సార్."

"మంచిది. ఆ సంస్థ జంతువులకి కొత్త ఫిల్టర్లు కావాలట. ఆర్డరు నీకే వచ్చింది."

కుళాయి అన్న పేరు అతనికి అలా వచ్చిందే. ఇంట్లో చెప్పుకునే అబద్ధానికి తగ్గట్టు డిపార్ట్‌మెంట్ పెట్టిన కోడ్‌నేమ్ అది. పద్దెనిమిదేళ్లుగా ఆ పేరు వినగానే తలెత్తుతున్నాడు.

సాంకేతిక విభాగం వాళ్లు రెండు వస్తువులు ఇచ్చారు. ఒకటి తెల్లటి ఫిల్టర్ గొట్టం. దాని మూత విప్పితే లోపల పిస్టల్. రెండోది నీళ్ల శుభ్రత కొలిచే మీటరు. నిజానికి అది వైర్‌లెస్. కాకపోతే వేషం మరీ అచ్చంగా కుదరాలని తాపత్రయపడి, దాన్ని నీళ్లలో ముంచితే తప్ప మాట్లాడని విధంగా తయారుచేశారు.

"అక్కడ మన మనిషి ఇప్పటికే ఉంది," అన్నాడు చీఫ్. "ముత్యం."

*

ముత్యం డిపార్ట్‌మెంట్ డాక్టరు. కుళాయి పేరు వినడమే గానీ ఆమెని చూడలేదు. ఆమె కొన్ని నెలలుగా ఆ సంస్థ క్లినిక్‌లో పనిచేస్తోంది. పైకి లాంతరు ముఠాకి కబుర్లు అమ్ముతున్నట్టు నటిస్తూ, లోపల వాళ్ల గుట్టు మనకి చేరవేసే డబల్ ఏజెంట్. వాళ్ల విందులకి వెళ్తుంది, వాళ్ల కార్లలో తిరుగుతుంది. చెవులకి ఒక్కో ముత్యం తప్ప వేరే నగ పెట్టుకోదు. ఆ రెండింటిలో ఎడమది ట్రాన్స్‌మిటర్. నడవాలో ఆమె ఎదురైతే పెద్ద పెద్ద సైంటిస్టులు కూడా దారి తప్పుకుని, తరవాత ఎటు వెళ్లాలో మర్చిపోతారు.

కుళాయి మీటరు పట్టుకుని క్లినిక్‌లో సింక్ దగ్గరికి వెళ్లాడు. ఆమె ఫైలు చూసుకుంటూ తలెత్తకుండానే అడిగింది.

"నీళ్లలో సున్నం ఎక్కువగా ఉందా?"

"సున్నం కాదు, ఇనుము."

కోడ్ కుదిరింది. ఆమె నవ్వింది. ఆ నవ్వుకి కుళాయి చేతిలో మీటరు కాస్త జారింది.

"మీ అక్కగారి గురించి బెంగ పెట్టుకోకండి. ఆవిడ తినే ప్రతి ముద్దా, తాగే ప్రతి కప్పూ నా చెయ్యి దాటే వెళ్తోంది. లాంతరు వాళ్లు ఏం చెయ్యబోతున్నా ముందు నాకే తెలుస్తుంది."

"మూడోవాడి చావు మాత్రం ముందు తెలియలేదే?"

"మీకూ తెలియలేదు కదా," అంది మెత్తగా.

ఆ మాట గుచ్చుకోవాల్సిన చోటే గుచ్చుకుంది. కుళాయి మీటరు తుడుచుకుని బయటికి వచ్చాడు.

*

జంతువుల గదికి రెండు తలుపులు. మొదటిది పూర్తిగా మూసుకుంటే తప్ప రెండోది తెరుచుకోదు. మధ్యలో ఇరుకు గదిలో నీలం గౌను, తలకి టోపీ, కాళ్లకి సంచులు తొడుక్కోవాలి. కుళాయి లాంటి కంగారు మనిషికి ఆ తలుపులు నరకం. లోపలికి అడుగు పెట్టగానే గినీపందులన్నీ ఒక్కసారిగా ఈలలు వేశాయి. తలుపు చప్పుడైతే ఆకు వస్తుందని వాటి ఆశ. ఎలుకల వైపు నుంచి మాత్రం నీళ్ల సీసాల మూతి దగ్గర ఉక్కు గోళీ టకటకమనే చప్పుడే. గది నిండా చెక్కపొట్టు వాసన.

అక్క ఒక ఎలుకని అరచేతిలో పెట్టుకుని, వేలితో దాని వీపు నిమురుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కుడి చూపుడు వేలికి కట్టు.

"ఒరేయ్, ఆ పెట్టె అక్కడ పెట్టకు, గాలి వచ్చే దారి. వేలికా? ఇదిగో వీళ్లలో ఒకడు కొరికాడు. తిన్నావా?"

"తిన్నాను."

"అబద్ధం. నీ మొహం చూస్తే తెలుస్తుంది."

అమ్మ పోయేనాటికి అక్కకి కాలేజీ వయసు కూడా రాలేదు. అతని జ్వరాలూ, దొంగ కడుపునొప్పులూ, లెక్కల పరీక్షలూ అన్నీ అక్కే మోసింది. ఆకలి గురించి చెప్పే అబద్ధాలు పట్టుకోవడంలో ఆవిడకి ఎదురులేదు. ఉద్యోగం గురించి చెప్పిన అబద్ధం ఒక్కటే ఇన్నేళ్లుగా నిలబడింది. అది తలుచుకుంటే కుళాయికి గర్వం కలగదు, సిగ్గుగా ఉంటుంది.

"ఏం పరీక్ష ఇది?" అన్నాడు ఫిల్టర్ గొట్టం బిగిస్తూ.

అక్కని పని గురించి అడిగితే చాలు, గొంతు మారిపోతుంది.

"మందు పడని మనిషిని జంతువులో చూడాలంటే తల ప్రాణం తోకకి వస్తుందిరా. మొదటి డోసు ఇస్తే ఏమీ కాదు. ఒళ్లు లోపల్లోపల పగ పెంచుకుంటుంది. కొన్ని వారాలాగి మళ్లీ ఇస్తే అప్పుడు తిరగబడుతుంది. అందులో కూడా తేడాలు. గినీపంది అయితే గుటుక్కుమంటుంది. మామూలు ఎలుక చెవి దులుపుకుని పడుకుంటుంది. మనిషి ఏం చేస్తాడో ఆ రెండింటికీ తెలియదు."

"మరి వీటి వల్ల ఏం లాభం?"

"ఇవి మామూలు ఎలుకలు కావు. వీటి ఒంట్లో మనిషి తాళం ఒకటి బిగించాం. మనిషి రక్తంలో ఉండే అలర్జీ తాళంచెవి దీనికి సరిపోతుంది. ఇదిగో చూడు. ఎడమ చెవిలో చనిపోయినవాడి సీరం, అంటే రక్తపు తేట. కుడి చెవిలో మామూలు మనిషి సీరం. రేపు తోకలోంచి ఆ మందూ, నీలం రంగూ కలిపి ఎక్కిస్తాను. మందు పడని రక్తం ఉన్న చెవిలో నరాలు కారిపోయి చెవి నీలమవుతుంది. కుడి చెవి గులాబీ రంగులోనే ఉండాలి. దాన్ని కంట్రోల్ అంటాం. అది గులాబీగా ఉంటేనే ఎడమ చెవి మాట నమ్ముతాం."

ఆ మామూలు మనిషి ఎవరని కుళాయి అడిగి ఉంటే ఈ కథ అక్కడితో సగం అయిపోయేది. అతను అడగలేదు. వెంటిలేటర్ జాలీలోంచి మనిషి దూరగలడా లేదా అని చూస్తున్నాడు.

అక్క ఎలుకని బోనులో వదిలి, మూత వేసి, ఎడమ భుజం రుద్దుకుంది. తరవాత వరసగా తుమ్మింది.

"జలుబా?"

"పొట్టు దుమ్ము," అంది అక్క, మొహం అటు తిప్పుకుని.

*

మర్నాడు కుళాయి ఒక్క చోట కుదురుగా నిలబడలేదు. గుమ్మం దగ్గర గార్డు చేతులు చూశాడు. ఆకు కట్టలు తెచ్చినవాడి బుట్ట అడుగు తడిమాడు. మెట్లెక్కాడు, దిగాడు. బాగున్న ఫిల్టర్ విప్పి మళ్లీ బిగించాడు. ఏ మూల చూసినా అంతా సవ్యంగానే ఉంది. సవ్యంగా ఉన్నకొద్దీ అతనికి గుండె దడ ఎక్కువైంది. మూడోవాడు చచ్చిపోయిన క్లినిక్‌లో కూడా అంతా ఇలాగే సవ్యంగా ఉండింది.

మధ్యాహ్నం దాటాక అక్క చేతి తొడుగులు లాగి బుట్టలోకి విసిరికొట్టింది.

"మొత్తం పాడైపోయింది."

"ఏమైంది?"

"ఎడమ చెవి నీలమే. బాగుంది. కుడి చెవీ నీలమే. ఒక ఎలుకకి కాదు, అన్నిటికీ. కంట్రోల్ పాడైతే ఇంక ఆ పరీక్షకి విలువేముంది? ఈ వేలు పెట్టుకుని సూది పట్టడం నాదే తప్పు. ఎక్కడో రెండు సీరాలూ కలిపేసి ఉంటాను."

"మళ్లీ చేస్తావా?"

"చెయ్యక? మళ్లీ నా రక్తమే తీసుకోవాలి. చేతికి నరం దొరికి చావట్లేదు. కంట్రోల్ కోసం బయటివాళ్లని ఎవరు బతిమాలతారు? ఇక్కడ అందరం మా చెయ్యే పొడుచుకుంటాం." అక్క కట్టు విప్పి వేలు చూసుకుంది. అది ఎర్రగా వాచి మెరుస్తోంది. "ముందు దీని సంగతి చూడాలి. డాక్టరమ్మ ఈ పరీక్షలోని యాంటీబయాటిక్కే చేస్తానంది. పోయినేడు కూడా అదే మందు చేశారు, రెండు రోజుల్లో తగ్గిపోయింది. వచ్చేస్తాను, ఆ గినీపందులకి నీళ్లు చూడు."

తలుపు మూసుకుంది. రెండో తలుపు తెరుచుకున్న చప్పుడైంది. అక్క వెళ్లిపోయింది.

కుళాయి ఒక బకెట్ లాక్కుని మీటరు నీళ్లలో ముంచాడు. చీఫ్ గొంతు బుడగల్లోంచి వచ్చినట్టు వినపడింది.

"చెప్పు కుళాయి."

"పరీక్ష ఫెయిలయింది సార్. కంట్రోల్ పాడైంది."

"మనుషుల భాషలో చెప్పు."

"చచ్చిపోయిన వాడి రక్తం పెట్టిన చెవి నీలమైంది. మామూలు మనిషి రక్తం పెట్టిన చెవీ నీలమైంది."

"ఎవరా మామూలు మనిషి?"

"మా అక్కే సార్. వాళ్లంతా వాళ్ల రక్తమే..."

కుళాయి బకెట్ మీంచి తలెత్తాడు. తన మాట తన చెవిన పడింది. అక్క చెయ్యి వణికి ఉండొచ్చు. కానీ అన్ని ఎలుకలకీ, అన్ని కుడి చెవులకీ ఒకేలా వణుకుతుందా? పరీక్ష పాడవలేదు. అక్క రక్తంలో పగ ఉంది. పోయినేడు లేదు, ఇప్పుడు ఉంది. మధ్యలో ఎవరో పెంచారు.

అక్క భుజం రుద్దుకోవడం కళ్లముందు కనిపించింది. కోడ్ నిపుణుడూ అలాగే రుద్దుకునేవాడు. వారం వారం విటమిన్ ఇంజక్షన్ కోసం అతన్ని కారులో తీసుకెళ్లింది కుళాయే. ఇంజక్షన్ చేసేది మన డాక్టరే కదా అని, అప్పుడు కూడా కారు దిగకుండా ఎదురు కిటికీల వైపే చూస్తూ కూర్చున్నాడు.

"సార్, ఆ ముగ్గురికీ విటమిన్ సూదులు చేసింది ముత్యమే కదా?"

"ఆవిడే. డిపార్ట్‌మెంట్లో పెద్దలందరికీ ఆవిడే. నాకు కూడా వారం వారం..."

బకెట్ లోంచి ఇంకే మాటా రాలేదు.

*

కుళాయి ఫిల్టర్ గొట్టం లాక్కుని పరుగెత్తాడు. మొదటి తలుపు తెరుచుకుంది. అతని వెనక అది నిదానంగా, పెళ్లికూతురు నడిచినంత నిదానంగా మూసుకుంటూ ఉంటే, రెండో తలుపుని భుజంతో గుద్దాడు. అది కదల్లేదు. ఫిల్టర్ గొట్టం మూత విప్పబోయాడు. నిన్న తనే స్పానర్ పెట్టి బిగించాడు. స్పానర్ లోపల బల్ల మీద ఉంది. తలుపు తెరుచుకుంది. గొట్టం చేత్తో పట్టుకుని, కాళ్ల సంచులు జారుతూ ఉంటే, నడవా అంతా పరుగు తీశాడు. గుండెలో ఒక్కటే మాట. అక్క, అక్క, అక్క.

క్లినిక్ గది ప్రశాంతంగా ఉంది. అక్క కుర్చీలో కూర్చుని చెయ్యి పైకి మడిచింది. ముత్యం సీలు విప్పిన సీసా పక్కన పెట్టి, సిరంజి పైకెత్తి గాలి బుడగ తీస్తోంది. ఆ గదిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మందు మంచిది, సూది కొత్తది, డాక్టరు నిజమైన డాక్టరు.

"సూది కింద పెట్టు," అన్నాడు కుళాయి, గొట్టం గురిపెట్టి.

అక్క అతన్ని ఎగాదిగా చూసింది.

"ఎలుకల గది గౌనుతో బయటికి వస్తావురా? బుద్ధుందా నీకు? ఈ నడవా అంతా మళ్లీ కడిగించాలి."

"అక్కా, ఆ ఇంజక్షన్ వద్దు."

"మీ తమ్ముడుగారికి సూదులంటే భయం లాగుంది," అంది ముత్యం. దూదితో అక్క చెయ్యి తుడిచింది. ఆమె చేతులు ఎంత నింపాదిగా ఉన్నాయంటే, తనకే పిచ్చేమోనని కుళాయికి ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

నేను గూఢచారిని అని చెబితే అక్క నవ్వుతుంది. ఈమె హంతకురాలు అని చెబితే డాక్టర్ని పిలుస్తుంది. ఆ డాక్టరు ఈమే. సూది చర్మం దాకా వచ్చింది. ఒక్క మాటకే టైముంది. అక్క ఆగి వినే మాట ఒక్కటే అతనికి తోచింది.

"అక్కా, నీ పరీక్ష పాడవలేదు."

అక్క తల చటుక్కున తిరిగింది. "ఏంటి?"

"కుడి చెవి నిజమే చెప్పింది. నువ్వు సీరాలు కలపలేదు. అది నీ రక్తం."

"పోయినేడు ఈ మందు నాకు..." అక్క మాట అక్కడే ఆగింది. మనసులో ఏదో లెక్క కడుతున్నట్టు కనురెప్పలు కదలడం మానేశాయి. తన ఎడమ భుజం వైపు చూసుకుంది. తరవాత ముత్యం వైపు చూసింది.

"డాక్టర్, ఎలుకల అలర్జీ తగ్గాలని వారం వారం నాకు చేస్తున్న ఇంజక్షన్‌లో ఉన్నది ఎలుక ప్రొటీన్ ఒక్కటేనా?"

ముత్యం నవ్వింది. నవ్వుతూనే సూది దించబోయింది.

అక్క చెయ్యి లాక్కుంది. ముత్యం రెండోసారి విసురుగా వచ్చింది. ఈసారి గురి అక్క తొడ. మధ్యలోకి కుళాయి చెయ్యి వచ్చింది. సూది అతని ముంజేతిలోకి దిగింది. ముత్యం బొటనవేలు ఆపుకోలేక చివరిదాకా నొక్కేసింది. కుళాయి అరిచి, చేతిలో గొట్టాన్ని ఆమె వైపు విసిరాడు. అది తగలాల్సిన చోట తగలకుండా గోడకి తగిలి పగిలింది. లోపలి పిస్టల్ జారి అక్క కాళ్ల దగ్గర పడింది.

ముత్యం కూడా దాని కోసం వంగింది. కానీ పారిపోయే ఎలుకల్ని నేల మీద పట్టడం ఇరవై ఏళ్లుగా అక్కకి నిత్యం ఉన్న పని. ఎలుకని తోక పట్టి ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తి, తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఇది ఫిల్టర్‌లో భాగమా?" అని అడిగింది.

కుళాయి గోడకి ఆనుకుని పిస్టల్ గురిపెట్టాడు. నుదుట చెమట. ఇంక పెదవులు వాస్తాయి, తరవాత గాలి ఆడదు, అని ఎదురుచూస్తున్నాడు. పోతే పోయాను, అక్క బతికింది, అనుకున్నాడు. అనుకున్న తరవాత కూడా భయం పోలేదు.

ముత్యం కుర్చీ లాక్కుని కూర్చుంది. చెదిరిన జుట్టు సర్దుకుంది.

"నేను చేసిందేమిటి? వాచిన వేలికి మంచి మందు చెయ్యబోయాను. దీన్ని ఏ కోర్టులో నిరూపిస్తారు?"

"చెబుతాను," అంది అక్క. "మందు అణువు చాలా చిన్నది. ఒంటికి దాని మీద పగ పుట్టించాలంటే ఏదో పెద్ద ప్రొటీన్‌కి అంటించి ఎక్కించాలి. మా ల్యాబుల్లో సముద్రపు నత్త నుంచి తీసింది వాడతాం. నువ్వూ అదే వాడి ఉంటావు. నా ఫ్రీజర్‌లోంచే తీసి ఉంటావు. ఆ చనిపోయినవాడి రక్తంలోనూ, నా రక్తంలోనూ నత్త మీద కూడా పగ ఉంటుంది. మేమిద్దరం కలిసి ఎక్కడా నత్తలు తినలేదు. రేపు చెవులు చెబుతాయి."

ముత్యం మొహంలో నవ్వు పోయింది.

"అక్కా," అన్నాడు కుళాయి బలహీనంగా. "నాకు ఇంకా ఎంతసేపు?"

"నీకేం కాదు. అందులో ఉన్నది వేలు వాచినవాళ్లకి చేసే మందే. నీకు శుభ్రంగా పడింది. కూర్చో, పడతావు."

*

చీఫ్ స్వయంగా వచ్చాడు. ముత్యాన్ని ఇద్దరు తీసుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ ఆమె చెవి ముత్యాలు రెండూ తీసి బల్ల మీద పెట్టింది. చీఫ్ వాటిని చూడలేదు. భుజం తడుముకుంటూ అక్క దగ్గరికి వెళ్లి, జీవితంలో మొదటిసారిగా గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, నాకు కూడా ఆమే చేసేది. నా సంగతి ఏమిటంటారు?"

"మీ రక్తం ఇచ్చి వెళ్లండి. మీ పేరు మీద నాలుగు ఎలుకలు పెడతాను. అప్పటిదాకా జ్వరం వచ్చినా ఎవరి దగ్గరా సూది పొడిపించుకోకండి."

చీఫ్ చేతులు కట్టుకుని, స్కూల్లో పిల్లాడిలా వరసలో నిలబడ్డాడు. ఆ దృశ్యం చూడటానికే బతికి బయటపడ్డాననుకున్నాడు కుళాయి.

అందరూ వెళ్లాక గదిలో అక్కా తమ్ముడూ మిగిలారు. దూరంగా గినీపందులు ఈలలు వేస్తున్నాయి.

"వాటర్ ఫిల్టర్లు," అంది అక్క.

"పొట్టు దుమ్ము," అన్నాడు కుళాయి. "నీ ఎలుకలే నీకు పడవని నాతో ఎందుకు చెప్పలేదు? వారం వారం సూదులు వేయించుకుంటున్నావని కూడా చెప్పలేదు."

"ఎవరికి చెప్పినా నన్ను ఈ గదిలోంచి తీసేసి ఆఫీసు కుర్చీలో కూర్చోబెడతారు. ఇరవై ఏళ్లు వీటితో కాపురం చేశాక నాకు వేరే పని రాదురా. అందుకే ఆవిడ గుట్టుగా చేస్తానంటే సరే అన్నాను. ఊరందరి అలర్జీలూ కనిపెట్టే దాన్ని, నాది దాచుకున్నాను. మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు నిద్రపోవు."

అక్క కళ్లు తుడుచుకుంది. ఈసారి పొట్టు దుమ్ము మీదకి నెట్టలేదు.

"ఆ సూదిలో ఏముందో తెలియకుండానే చెయ్యి అడ్డం పెట్టావు," అంది.

"తెలుసు. మంచి మందే అని తెలుసు."

"అబద్ధం. నీ మొహం చూశాను." అక్క అతని తల మీద చెయ్యి వేసి, జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచింది. అతను కదలకుండా కూర్చున్నాడు. ఎన్నో రోజుల తరవాత అతని మోకాలు ఆడటం ఆగింది.

తరవాత అక్క లేచి సొరుగులోంచి రబ్బరు పట్టీ తీసి, అతని మోచేతి పైన బిగించి కట్టింది.

"ఇదెందుకు?"

"పరీక్ష మళ్లీ మొదలుపెట్టాలి కదా. నా రక్తం ఇంక కంట్రోల్‌కి పనికిరాదు. ఈ మందు నీకు పడిందని నా కళ్లతో చూశాను. పిడికిలి బిగించు."

పద్దెనిమిదేళ్లుగా తొమ్మిది పేర్లతో, పన్నెండు వేషాలతో బతికినవాడు, మామూలు మనిషిగా కొత్త ఉద్యోగంలో చేరడానికి బుద్ధిగా పిడికిలి బిగించాడు.